డెవిల్డ్ ఎగ్స్ కోసం ఎగ్ బాయిలర్: పెంకు నుంచి ప్లేటు దాకా

పండగ భోజనానికి ముందు స్టార్టర్‌గా పెట్టే డెవిల్డ్ ఎగ్స్ చూడ్డానికి చిటికెలో అయ్యే పనిలా ఉంటాయి. గుడ్లు గట్టిగా ఉడకబెట్టి, నిలువునా రెండుగా కోసి, పచ్చసొన తీసి, మయొనైజ్, మస్టర్డ్ (ఆవ పేస్టు) కలిపి మెదిపి, మళ్లీ అదే గుంటలో నింపి, పైన పాప్రికా (ఘాటు తక్కువున్న ఎర్ర మిరపపొడి) చల్లడం. కానీ శాండ్‌విచ్‌లోనో సలాడ్‌లోనో కలిసిపోయే లోపాలకు ఇక్కడ దాక్కునే చోటుండదు. పెంకుతో పాటు తెల్లసొన ముక్క ఊడొచ్చినా, పచ్చసొన ఒక పక్కకు జరిగి గోడ పలచబడినా, గుడ్డు అడుగు చదునుగా నొక్కుకుపోయినా ప్లేటు చూసిన ప్రతి ఒక్కరికీ తెలిసిపోతుంది. గుడ్లు ఉడికించడానికే పుట్టిన ఎలక్ట్రిక్ ఎగ్ బాయిలర్‌కి ఇంతకంటే కఠినమైన పరీక్ష లేదు.

ఇక్కడ మాట్లాడుతున్నది ఒకే అంతస్తులో 7 గుడ్లు పట్టే రకం గురించి. కింద వేడెక్కే చిన్న ప్లేటు, దాని మీద గుడ్లు నిలబెట్టే స్టాండు, పైన ఆవిరి పోయే కన్నం ఉన్న మూత, గీతలున్న కొలత కప్పు, ఆ కప్పు అడుగున ఒక సూది. కంపెనీ ఏదైనా లోపలి పనితీరు ఒకటే. ముందే చెప్పేయాలంటే, 12 ముక్కల ప్లేటుకి ఇది కొనదగ్గ వస్తువే. 24 ముక్కలు దాటితే మాత్రం మూతున్న పెద్ద గిన్నె, అందులో పట్టే ఆవిరి బుట్ట దీనికంటే మేలు.

మొదట అర్థం చేసుకోవాల్సింది, ఈ రకంలో గడియారం ఉండదు. పోసిన నీళ్లే గడియారం. నీళ్లు ప్లేటు మీద మరుగుతున్నంతసేపూ ప్లేటు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగుతుంది. చివరి చుక్క ఆవిరైపోగానే వేడి ఒక్కసారిగా పైకెగురుతుంది. థర్మోస్టాట్ దాన్ని పసిగట్టి బజర్ మోగిస్తుంది, లేదా కరెంటు ఆపేస్తుంది. అందుకే కొలతలో ఒక చెంచా నీళ్లు తగ్గితే ఉడికే సమయమే తగ్గిపోతుంది, పచ్చసొన మధ్యలో జిగటగా మిగులుతుంది. అలాంటి సొన జల్లెడలో దిగదు, మిశ్రమాన్ని గుంటల్లోకి పిండే నాజిల్లోంచి సాఫీగా రాదు.

గుడ్లు ఎక్కువ పెడితే నీళ్లు తక్కువ పోయాలని కప్పు మీద ఉంటుంది. అది చూసి అచ్చుతప్పేమో అనుకుని చాలామంది తలకిందులు చేస్తారు. కప్పు చెప్పేదే నిజం. చల్లని గుడ్డుకు తగిలిన ఆవిరి నీరై మళ్లీ ప్లేటు మీదికే కారుతుంది. గుడ్లు ఎక్కువుంటే అలా తిరిగొచ్చే నీళ్లూ ఎక్కువ, కాబట్టి మొదట పోసే నీళ్లు తక్కువ చాలు. రెండే గుడ్లు పెట్టినప్పుడు ఆవిరిలో ఎక్కువ భాగం మూత కన్నంలోంచి బయటికే పోతుంది, అందుకని నీళ్లు ఎక్కువ కావాలి. కప్పుని చేత్తో ఎత్తి పట్టుకుని కాకుండా, గట్టు మీద పెట్టి, కళ్లు గీతకు సమానంగా వంచి కొలవండి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, హాఫ్ బాయిల్‌కీ ఫుల్ బాయిల్‌కీ వేర్వేరు గీతలుంటాయి. ఒక గీత తేడా ఇక్కడ చిన్న విషయం కాదు.

గీతలు సరిగ్గా పాటించినా ఫలితం తప్పితే కారణాలు సాధారణంగా మూడు. మొదటిది గుడ్డు సైజు. అమెరికా లెక్కల్లో లార్జ్ గుడ్డు సగటున 57 గ్రాములు, ఎక్స్‌ట్రా లార్జ్ 64, జంబో 71. డెవిల్డ్ ఎగ్స్ కొలతలు దాదాపు అన్నీ లార్జ్ గుడ్డుని దృష్టిలో పెట్టుకునే రాస్తారు. జంబో గుడ్లకు ఒకటి రెండు టీస్పూన్ల నీళ్లు ఎక్కువ పోయకపోతే మధ్యలో పచ్చిగా ఉండిపోవచ్చు. రెండోది ఎత్తైన ప్రాంతం. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తులో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఆవిరీ అంతే వేడిగా ఉంటుంది. అక్కడా కొంచెం నీళ్లు పెంచాలి. మూడోది, ఎవరూ పట్టించుకోనిది, ప్లేటు మీద పేరుకునే తెల్లటి సున్నపు పొర. సున్నం ఎక్కువున్న కఠిన నీళ్లు వాడే ఇళ్లలో కొన్నాళ్లకే అది మందంగా తయారవుతుంది. ప్లేటులోని వేడి నీళ్లకు సరిగా అందదు, థర్మోస్టాట్ లెక్క తప్పుతుంది, నీళ్లు ఇంకా ఉండగానే బజర్ మోగుతుంది. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి ప్లేటు మీద పోసి అరగంట వదిలేసి తుడిస్తే పొర పోతుంది. ఉడికించడానికి ఖనిజాలు లేని డిస్టిల్డ్ నీళ్లు వాడితే అసలు ఈ బాధే ఉండదు. కింది భాగాన్ని మాత్రం ఎప్పుడూ నీళ్లలో ముంచకూడదు.

ఇక సూది సంగతి. గుడ్డు మొండి వైపు లోపల ఒక చిన్న గాలి అర ఉంటుంది. వేడికి ఆ గాలి వ్యాకోచించి పెంకుని చీల్చవచ్చు. చీల్చకపోతే, లోపలే ఉండి తెల్లసొన కొసని నొక్కి చదును చేస్తుంది. సూదితో కన్నం పెడితే గాలికి దారి దొరుకుతుంది, తెల్లసొన పెంకు ఆకారాన్ని పూర్తిగా నింపుతుంది. ఊరికే ఉప్పు కారం అద్దుకుని తినే గుడ్డుకైతే ఈ శ్రమ అక్కర్లేదు. కొసలు గుండ్రంగా ఉండాల్సిన డెవిల్డ్ ఎగ్స్‌కి మాత్రం పెట్టి తీరాలి. సూదిని గుచ్చి ఆపేయాలి, లోపలికంటా దించకూడదు. లోతుగా దిగితే పొర చిరిగి, ఆ కన్నంలోంచి తెల్లసొన తీగలా బయటికి కారుతుంది. కన్నం పెట్టిన వెంటనే, కన్నం పైకి ఉండేలా గుడ్డుని స్టాండులో నిలబెట్టి ఉడికించాలి. కప్పు కడిగేటప్పుడు వేళ్లు జాగ్రత్త, సూది కంటికి సరిగా ఆనదు.

పెంకు తీయడంలో ఈ పరికరానికి పూర్తి మార్కులు వేయొచ్చు. ఆ గొప్పతనం కంపెనీది కాదు, ఆవిరిది. చన్నీళ్లలో గుడ్లు వేసి పొయ్యి వెలిగిస్తే తెల్లసొన మెల్లమెల్లగా గట్టిపడుతూ పెంకు లోపలి పొరకు కరుచుకుంటుంది. వేడి ఒక్కసారిగా తగిలితే అంత గట్టిగా అతుక్కోదు. బాయిలర్‌లో పోసే నీళ్లు బహు తక్కువ కాబట్టి కాసేపట్లోనే మరిగి ఆవిరి అందుకుంటుంది. మరిగే నీళ్లలోకి నేరుగా గుడ్లు దింపినా ఇదే లాభం ఉంది, కాకపోతే అవి గిన్నె అడుక్కి తగిలి చిట్లే ప్రమాదం ఎక్కువ.

అయితే గుడ్డు మరీ తాజాదైతే ఆవిరి కూడా పూర్తిగా కాపాడలేదు. కోడి గుడ్డు పెట్టిన వెంటనే తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా కరిగి ఉంటుంది, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8కి కాస్త దిగువన ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ వాయువు పెంకు రంధ్రాల్లోంచి బయటికి పోయి పీహెచ్ 9 దాటుతుంది. పీహెచ్ తక్కువగా ఉన్న తెల్లసొన పొరను వదలదు. పండగకు వారం, పది రోజుల ముందే గుడ్లు కొని ఫ్రిజ్‌లో పెట్టుకోమని చెప్పేది ఇందుకే. నీళ్లలో ఉప్పు, వంట సోడా, వెనిగర్ లాంటివి వేయమనే చిట్కాలకు ఈ పరికరంలో చోటే లేదు. వేస్తే ప్లేటు పాడవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కానీ ఇక్కడే ఒక చిక్కుంది, ఎగ్ బాయిలర్ బలహీనత బయటపడేదీ ఇక్కడే. గుడ్డు పాతబడే కొద్దీ పెంకు తేలిగ్గా వస్తుంది గానీ, చిక్కగా ఉన్న తెల్లసొన పలచబడుతుంది. చుట్టూ పట్టు సడలిన పచ్చసొన పైకి తేలుతుంది. బాయిలర్‌లో గుడ్డు మొండి వైపు పైకి పెట్టి నిలబడుతుంది కాబట్టి పచ్చసొన ఆ కొసకు చేరి అక్కడే గట్టిపడుతుంది. కోసి చూస్తే ఒక కొసన గోడ కాగితమంత పలచగా, రెండో కొసన మందంగా ఉంటుంది. సొన తీసేటప్పుడు ఆ పలచని కొస చిరుగుతుంది. గిన్నెలో మరిగే నీళ్లలో ఉడికిస్తే మొదటి మూడు నాలుగు నిమిషాలు గుడ్లను గరిటెతో మెల్లగా దొర్లిస్తూ పచ్చసొనను మధ్యకు తేవచ్చు. మూత పెట్టిన బాయిలర్‌లో ఆ వీలు లేదు.

దీనికి మందు ముందురోజు రాత్రే వేయాలి. గుడ్ల అట్టపెట్టెకి రబ్బరు బ్యాండు వేసి ఫ్రిజ్‌లో పక్కకు పడుకోబెట్టండి. గుడ్డు నిలబడటం మానేసి పడుకుంటుంది కాబట్టి, మొండి కొసన ఉన్న పచ్చసొన పొడవులో మధ్యకు జరుగుతుంది. మీరు నిద్రపోయే ముందు ఒకసారి పెట్టెను రెండో పక్కకు తిప్పితే ఇంకా మంచిది. అన్ని గుడ్లలోనూ నూటికి నూరుపాళ్లు కుదరకపోయినా, ప్లేటులో పెట్టలేని ముక్కల సంఖ్య బాగా తగ్గుతుంది. 7 గుడ్లు పట్టడం ఎంత అనుకూలమో ఇక్కడ తెలుస్తుంది. అందంగా వచ్చిన 12 ముక్కలు ప్లేటుకి, చిరిగిన గుడ్డులోని పచ్చసొన నింపే మిశ్రమంలోకి. 6 గుడ్ల మోడల్‌లో ఈ వెసులుబాటు ఉండదు. గుంటలు కూడా 7 సొనలతో నింపితేనే నిండుగా, పైకి గోపురంలా లేస్తాయి.

బజర్ మోగాక గడిచే నిమిషం చాలా ముఖ్యం. మూత కింద ఆవిరి ఇంకా వేడిగానే ఉంటుంది, గుడ్డు ఉడుకుతూనే ఉంటుంది. కొన్ని రకాలు బజర్ మోగిస్తాయే గానీ స్విచ్ కట్టే దాకా ప్లేటును వేడి చేస్తూనే ఉంటాయి. ఎక్కువ సేపు వేడి తగిలితే తెల్లసొనలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్, పచ్చసొనలోని ఇనుముతో కలిసి సొన చుట్టూ ఆకుపచ్చ బూడిద రంగు వలయం కడుతుంది. తింటే హాని లేదు. కానీ ఆ సొన మెదిపితే పసుపు పచ్చగా ఉండాల్సిన మిశ్రమం మురికి రంగుకు తిరుగుతుంది, గంధకం వాసన కూడా తగులుతుంది. అందుకే మీట నొక్కే ముందే సగం ఐసు, సగం నీళ్లతో పెద్ద గిన్నె సిద్ధంగా ఉండాలి. బజర్ మోగగానే స్విచ్ కట్టి, మూతను ముఖానికి అవతలి వైపు నుంచి ఎత్తి, స్టాండుని పిడితో లేపి గుడ్లను ఐసు నీళ్లలోకి దింపేయాలి. 15 నిమిషాలు అందులోనే ఉంచాలి. ఐదు నిమిషాలకే తీస్తే పైన చల్లగా, లోపల వేడిగా ఉండి, పెంకు తీసేటప్పుడు తెల్లసొన మెత్తగా చీలుతుంది.

పెంకుని గట్టు మీద అన్ని వైపులా తట్టి, అరచేత్తో కొద్దిగా దొర్లించి, గాలి అర ఉన్న మొండి వైపు నుంచి మొదలుపెట్టండి. వేలు పొర కిందికి పోవాలి, పెంకు కిందికి మాత్రమే పోతే చాలదు. నీళ్లలో ముంచి తీస్తే చిన్న ముక్కలు కూడా జారిపోతాయి. కోయడానికి పళ్లు లేని సన్నని చాకు, కోసిన ప్రతిసారీ తడిబట్టతో తుడుచుకుంటూ. తుడవకపోతే తెల్లటి అంచు మీద పసుపు చారలు పడతాయి. సొన తీశాక తెల్లసొన గుంటల్ని పేపర్ టవల్ మీద బోర్లించి తడి పోనివ్వండి. తడిగా ఉన్న గుంటలో నింపినది నిలవదు, కాసేపటికి అడుగున నీరు ఊరుతుంది.

నింపే మిశ్రమం దగ్గర బాయిలర్ పాత్ర అయిపోతుంది, అయినా సరిగా ఉడికిందా లేదా తేలేది ఇక్కడే. పూర్తిగా ఉడికిన పచ్చసొన వేళ్ల మధ్య పొడిపొడిగా రాలాలి. 7 సొనలను సన్న జల్లెడ మీద గరిటెతో రుద్ది దించితే పిండిలా పడుతుంది. మయొనైజ్ పోశాక ఫోర్కుతో ఎంత మెదిపినా ఈ నునుపు రాదు, ఎందుకంటే నూనె పట్టిన ఉండలు విడిపోవు. జల్లెడ పట్టిన పొడికి మయొనైజ్ 60 మిల్లీలీటర్లు, అంటే పావు కప్పు, డిజాన్ మస్టర్డ్ ఒకటిన్నర టీస్పూన్, వెనిగర్ ఒక టీస్పూన్, ఉప్పు చిటికెడు, మిరియాల పొడి కొద్దిగా. మయొనైజ్‌లో మొదట మూడొంతులే వేసి కలిపి, మిగతాది చూసుకుంటూ వేయండి. బ్రాండును బట్టి చిక్కదనం మారుతుంది. మయొనైజ్‌లోనూ మస్టర్డ్‌లోనూ ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి ఉప్పు ఆఖర్న, రుచి చూశాకే. చల్లగా తినే పదార్థానికి ఉప్పు, పులుపు కాస్త ముందుకు ఉండాలి, ఫ్రిజ్‌లో పెట్టాక రెండూ నెమ్మదిస్తాయి.

మిశ్రమం కొద్దిగా జారుగా అనిపించాలి, ఫ్రిజ్‌లో అది బిగుస్తుంది. చెంచా ఎత్తితే మెల్లగా జారి, పడ్డచోట ఆకారం నిలుపుకుంటే సరైన పాకం. మరీ పలచనైతే ఇంకో ఉడికిన సొన జల్లెడ పట్టి వేయడమే మార్గం. గట్టిపడితే అర టీస్పూన్ నీళ్లు చాలు, ఇంకా మయొనైజ్ వేస్తే నూనె రుచి ముందుకొస్తుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో తీపి పికిల్ రెలిష్ (సన్నగా తరిగిన తీపి దోసకాయ ఊరగాయ) కూడా కలుపుతారు. అది కలిపేవాళ్లు నీరంతా పిండి వేయాలి, నింపడం చెంచాతోనే చేయాలి, ముక్కలు నాజిల్‌కి అడ్డం పడతాయి.

నక్షత్రం ఆకారం నాజిల్‌లో పెద్ద నోరున్నది తీసుకోండి. విల్టన్ కంపెనీ 1ఎం నాజిల్ లాంటి సైజు సరిగ్గా సరిపోతుంది. చిన్న నోటి నాజిల్ మిగిలిన ఒక్క చిన్న ఉండతోనూ మూసుకుపోతుంది, గట్టిగా నొక్కితే బ్యాగు చిరుగుతుంది. నాజిల్ లేకపోతే జిప్ బ్యాగు మూల ఒక సెంటీమీటర్ కత్తిరించినా చాలు. పాప్రికా వడ్డించే ముందే చల్లాలి. గంటల ముందు చల్లితే తేమ పీల్చుకుని ఎర్రటి మరకలుగా కిందికి కారుతుంది. పాప్రికాను చేత్తో కాకుండా చిన్న జల్లెడలోంచి తట్టితే అన్ని ముక్కల మీదా సమంగా పడుతుంది, రంగు మచ్చలు మచ్చలుగా ఉండదు.

ముందురోజే పని తెముల్చుకోవాలంటే, తెల్లసొన గుంటల్ని తడి పేపర్ టవల్ కప్పి మూత డబ్బాలో, మిశ్రమాన్ని పైపింగ్ బ్యాగులో గాలి లేకుండా, రెండూ 4 డిగ్రీల సెల్సియస్ మించని ఫ్రిజ్‌లో విడివిడిగా ఉంచండి. వడ్డించే పూట నింపుకోవాలి. పెంకుతో ఉన్న ఉడికిన గుడ్డు ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. ప్లేటు మాత్రం బయట 2 గంటలకు మించి ఉండకూడదన్నది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే నియమం. బయటి వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మిగిలినవి ఆ గడువు దాటి ఉంటే ఫ్రిజ్‌లో పెట్టినా లాభం లేదు, పారేయాలి. ప్లేటును ఐసు నింపిన పళ్లెం మీద పెట్టడం మంచి అలవాటే.

ఇక గిన్నె, ఆవిరి బుట్టతో పోల్చి చూడాలి. గిన్నెలో రెండు మూడు సెంటీమీటర్ల నీళ్లు మరిగించి, బుట్టలో ఒకే వరుసగా ఫ్రిజ్ గుడ్లు పేర్చి, మూత పెట్టి 13 నిమిషాలు. వచ్చే గుడ్డు బాయిలర్ గుడ్డుకి ఏమాత్రం తీసిపోదు. పెంకు అంతే తేలిగ్గా వస్తుంది, పైగా గుడ్లను పడుకోబెట్టి ఉడికించవచ్చు. పెద్ద గిన్నెలో ఒకేసారి 12 గుడ్లు అవుతాయి. బాయిలర్‌కి అదే పని రెండు విడతలు. రెండో విడతకు ముందు ప్లేటును చల్లారనిచ్చి తుడవాలి కూడా. వేడి ప్లేటు మీద నీళ్లు పోస్తే పోసినవి వెంటనే ఆవిరవడం మొదలవుతుంది, కొలత తప్పుతుంది. 14 గుడ్ల రెండంతస్తుల మోడళ్లు ఉన్నాయి గానీ, పై అంతస్తు, కింది అంతస్తు ఒకేలా ఉడకాలన్న హామీ లేదు. అలాంటిది వాడితే ఐసులో వేసే ముందు పై అంతస్తులోని ఒక గుడ్డు కోసి చూడడం మంచిది.

మరి బాయిలర్ ఎందుకంటే, పండగ పూట పొయ్యిలన్నీ నిండిపోయి ఉంటాయి. గట్టు మీద ఒక ప్లగ్ పాయింటు చాలు దీనికి. పక్కన నిలబడి గడియారం చూడక్కర్లేదు, ఒకసారి మీ నీళ్ల కొలత కుదిరిందంటే ప్రతిసారీ అదే ఫలితం ఇస్తుంది. చాలా మోడళ్లు 350 నుంచి 400 వాట్లే తీసుకుంటాయి. కొనేటప్పుడు డబ్బాతో పాటు ఇచ్చే ఆమ్లెట్ ట్రే, పోచింగ్ కప్పులు చూసి మొగ్గొద్దు, డెవిల్డ్ ఎగ్స్‌కి వాటితో పని లేదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. నీళ్లు అయిపోగానే కరెంటు తనంతట తనే ఆగుతుందా, లేక బజర్ మాత్రమేనా? స్టాండుకి గుడ్లన్నిటినీ ఒకేసారి ఎత్తే పిడి ఉందా? కప్పు మీది గీతలు అచ్చువేసినవా, చెక్కినవా? అచ్చు గీతలు కడగ్గా కడగ్గా చెరిగిపోతాయి, ఆ తర్వాత ఆ కప్పు దేనికీ పనికిరాదు. చెరిగేలోపే మీకు కుదిరిన నీళ్ల కొలతను మిల్లీలీటర్లలో ఒక చీటీ మీద రాసి బాయిలర్ అడుగున అతికించుకోండి.